నామోషీ దిగండి... సైకిల్ ఎక్కండి!

మీ బాల్కనీలో ఓ సైకిల్ ఉందా? సీటు మీద దుమ్ము, హ్యాండిల్ మీద ఆరేసిన తువ్వాలు, గాలి పోయి నేలకు అతుక్కుపోయిన టైర్లు... ఉంటే ఈ నాలుగు మాటలు మీకే. సైకిల్ లేకపోయినా, 'ఆఫీసు ఏడెనిమిది కిలోమీటర్లే కదా, తొక్కుకుంటూ పోతే పోలా' అని ఎప్పుడైనా అనుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారా? అయితే మీకు కూడా.

నాదీ అదే కథ. కేపీహెచ్‌బీలో గది, మాదాపూర్‌లో ఉద్యోగం. మధ్యలో ఏడు కిలోమీటర్లు. సైకిల్ కొన్నది ఆగస్టులో. దాని మీద ఆఫీసుకు మొదటిసారి వెళ్లింది డిసెంబరులో. ఈ నాలుగు నెలలూ ఏం చేశానంటే... సైకిళ్ల గురించి చదివాను. ఏ హెల్మెట్ మంచిది, ఏ లైటు మంచిది, ఏ లాక్ మంచిది అని రాత్రుళ్లు వీడియోలు చూశాను. తొక్కడం ఒక్కటే చేయలేదు. 'వానలు తగ్గనీ', 'దసరా వెళ్లనీ', 'ఈ ప్రాజెక్టు అయిపోనీ' అని వాయిదా వేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. సైకిల్ తొక్కడం నాకు ఎనిమిదో ఏటే వచ్చు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, నాన్న సైకిల్ మీద మోకాళ్లు చీరుకుపోయేలా నేర్చుకున్నాను. కాబట్టి రానిది తొక్కడం కాదు. రానిది ధైర్యం. ఆ ధైర్యం గురించే ఇక్కడ మాట్లాడదాం.

ఏ భయం మీది?

'భయంగా ఉంది' అంటే కుదరదండీ. ఏ భయమో విడివిడిగా రాసుకోవాలి. నేను ఓ కాగితం మీద రాసుకుంటే మూడు తేలాయి. ఒకటి, ఏ బస్సో గుద్దేస్తుందేమో. రెండు, చెమటతో తడిసి ఆఫీసుకు చేరితే పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారేమో. మూడు, ఇంత చదివి, ఉద్యోగం చేస్తూ సైకిల్ మీద వస్తున్నాడేంటి అనుకుంటారేమో.

ఎవరైనా అడిగితే మొదటిదే చెప్పేవాణ్ని. 'హైదరాబాద్ ట్రాఫిక్ చూశారుగా' అంటే ఎదుటివాళ్లు కూడా తలూపుతారు. కానీ నిజం చెప్పాలంటే నన్ను ఆపింది మూడోదే. మన భాషలో దానికి మంచి పేరే ఉంది: నామోషీ.

ఈ నామోషీ ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ ఉంటుంది. సైకిల్ కొన్నానని ఫోన్‌లో చెప్పినప్పుడు అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీ నాన్న ఇరవై ఏళ్లు సైకిలు తొక్కింది నువ్వు తొక్కకూడదనే గదరా" అంది. నాన్న గుంటూరులో మిర్చి యార్డుకు గుమస్తాగా వెళ్లేవాడు. ఎండలో, ఘాటుకి తుమ్ముకుంటూ, క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మీ ఇంట్లోనూ ఇలాంటి మాట ఏదో ఒకటి వస్తుంది. పెళ్లి సంబంధాల దగ్గర 'అబ్బాయికి బండి లేదా' అని అడిగే దేశం మనది. 'సైకిల్ మీద తిరుగుతున్నావ్, ఆ పార్టీలో చేరావా ఏంటి' అని నవ్వేవాళ్లూ ఉంటారు. వీటిని తీసిపారేయొద్దు. సైకిల్ నుంచి స్కూటర్‌కి, స్కూటర్ నుంచి కారుకి మారడాన్నే ఎదుగుదలగా లెక్కపెట్టిన తరం వాళ్లది. వాళ్ల లెక్క తప్పేం కాదు. వాళ్లకు సైకిల్ తప్ప మరో దారి లేకపోయింది. మనకు వేరే దారులు కూడా ఉన్నాయి, వాటిలోంచి దీన్ని ఎంచుకుంటున్నాం. ఆ తేడా ఇంట్లో వాళ్లకు ఓపిగ్గా చెప్పాల్సిన బాధ్యత మనదే.

రోడ్డు భయం నిజమే

రోడ్డు ప్రమాదం ఉత్త అపోహ అని నేను అనను. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర మోటారు వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. సైకిల్ మీద వెళ్తూ చనిపోయినవాళ్లు దాదాపు 3 శాతం. దీన్నిబట్టి సైకిలే క్షేమం అనుకుంటే పొరపాటు. రోడ్ల మీద బండ్లు ఎన్నో, సైకిళ్లు ఎన్నో చూసుకోవాలి కదా. కానీ ఒక సంగతి మాత్రం ఆలోచించండి. 'సైకిల్ వద్దు, ప్రమాదం' అనే ఇంట్లోనే కొడుక్కి డిగ్రీ అయిపోగానే 150 సీసీ బండి కొనిస్తారు. ఆ బండి ప్రమాదం మనకు అలవాటైపోయింది. సైకిల్ ప్రమాదం కొత్తగా కనిపిస్తోంది. అంతే.

ఇంకో సంగతి. మీరు కొత్తగా సాహసం చేస్తున్నారని కూడా అనుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయేతర పనులకు వెళ్లేవాళ్లు ఎలా వెళ్తున్నారని అడిగితే, దాదాపు 13 శాతం మంది సైకిల్ అని చెప్పారు. మోటారు సైకిళ్లు, స్కూటర్ల మీద వెళ్లేవాళ్ల వాటా కూడా అప్పట్లో దాదాపు అంతే. అంటే కోట్లమంది. వాచ్‌మన్లు, మేస్త్రీల దగ్గర పనిచేసేవాళ్లు, పాలు పోసేవాళ్లు, ఇస్త్రీ బట్టలు చేరవేసేవాళ్లు. రోజూ మన పక్క నుంచే వెళ్తుంటారు. మనం చూడం.

నాకు దారి చూపించింది కూడా అలాంటి ఒకాయనే. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ మూసాపేట అవతలి నుంచి సైకిల్ మీద వస్తాడు. నా సైకిల్ నాలుగు నెలలుగా కదలకపోవడం ఆయన కనిపెట్టాడు. ఓ రోజు లిఫ్ట్ దగ్గర ఆపి అడిగాడు. "భయమైతుందా సార్?" అవునన్నాను. "ఐతారం పొద్దుగాల ఒక్కసారి పోయి రా సార్. దారి తెలుస్తే సగం భయం పోతది. మిగిలిన సగం ఉండనియ్యి. అది ఉంటేనే జాగ్రత్తగ తొక్కుతవ్" అన్నాడు. నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఇంత మంచి సలహా లేదు.

ఆదివారం ప్రయోగం

అలాగే చేశాను. మీరూ అలాగే చేయండి. ఆదివారం ఉదయం ఆరు గంటలకు ఆఫీసు గేటు దాకా వెళ్లి రండి. లోపలికి వెళ్లనక్కర్లేదు. గేటు చూసి, పక్కన టీ తాగి, వెనక్కి రండి. ఆ ఒక్క ట్రిప్‌లో మూడు విషయాలు తెలుస్తాయి.

మొదటిది, అసలు ఎంతసేపు పడుతుంది అనేది. ఆయాసపడకుండా తొక్కితే గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు వెళ్తాం. ఏడు కిలోమీటర్లు అరగంట మాట. సిగ్నళ్లు కలిపితే ఇంకో ఐదారు నిమిషాలు. రద్దీ వేళ ఇదే దూరానికి క్యాబ్‌లో కూర్చుని ముప్పావుగంట గడిపిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

రెండోది, ఎక్కడెక్కడ ఇబ్బందో తెలుస్తుంది. ఏడు కిలోమీటర్లూ ఒకేలా భయపెట్టవు. నా దారిలో నిజంగా భయపెట్టినవి మూడే చోట్లు: హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ దగ్గర రద్దీ, ఒక యూ టర్న్, ఒక ఫ్రీ లెఫ్ట్. వీటికి ఉపాయం ఆలోచిస్తే చాలు. యూ టర్న్ దగ్గర నేను ఇప్పటికీ దిగి, నడిపించుకుంటూ దాటతాను. దిగి నడిచే హక్కు సైకిల్ వాడికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. దాన్ని వాడుకోండి.

మూడోది, వేరే దారి. బండి మీద వెళ్లే దారే సైకిల్‌కి పనికిరావాలని లేదు. మెయిన్ రోడ్డుకు సమాంతరంగా కాలనీల్లోంచి వెళ్లే వీధులు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఒక కిలోమీటరు ఎక్కువైనా సరే, వాటిని పట్టుకోండి. విజయవాడలో ఏలూరు రోడ్డు, విశాఖలో జాతీయ రహదారి చూసి బెంబేలెత్తేవాళ్లు ముందు వెనక వీధులు వెతకండి.

ఆ తర్వాత వారానికి ఒక్క రోజు. అంతే. 'రేపటి నుంచి రోజూ' అని ఒట్టు పెట్టుకోకండి. ఆ ఒట్టు తెగిన రోజు సైకిల్ మళ్లీ బాల్కనీకి వెళ్లిపోతుంది. నేను శుక్రవారంతో మొదలుపెట్టాను. ఆ రోజు రద్దీ కొంచెం తక్కువ, ఆఫీసులో బట్టల పట్టింపు కూడా తక్కువ. నెల తర్వాత రెండు రోజులైంది. ఇప్పుడు వారానికి మూడు నాలుగు రోజులు. వాన పడితే బస్సు, ఒంట్లో బాగోకపోతే మెట్రో. అదేం ఓటమి కాదు. ఆఫీసు పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే, మెట్రో స్టేషన్ దాకా సైకిల్, అక్కడ తాళం వేసి రైలు. అది కూడా సైకిల్ మీద వెళ్లడమే.

రోడ్డు మీద కొన్ని సూత్రాలు

ఎడమ పక్క మట్టిలోకి, కాల్వ మూతల మీదకి ఒదిగిపోకండి. భయంతో అంచుకు వెళ్లేకొద్దీ వెనకవాళ్లు ఇంకా దగ్గరగా దూరతారు. పైగా గుంటలన్నీ అక్కడే ఉంటాయి. అంచు నుంచి కొంచెం లోపలికి, గీత గీసినట్టు నిటారుగా తొక్కండి.

ఆగి ఉన్న కార్లకు ఒక చేయి దూరం పాటించండి. ఏ క్షణంలో ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియదు. ముందు వెళ్లే ఆటో, పక్కన ఎవరైనా చెయ్యెత్తితే ఉన్నచోటే ఆగిపోతుంది. ఆటో వెనక ఎప్పుడూ ఖాళీ ఉంచుకోండి.

బస్సుకు, లారీకి ఎడమవైపు సందులో దూరకండి. ఎంత ఖాళీ ఉన్నా సరే. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించడం లేదంటే మీరు అతనికి కనిపించనట్టే. పెద్ద బండి పక్కన ఇరుక్కోవడం కంటే దాని వెనక ఒక నిమిషం ఆగడం మేలు.

కుడివైపు తిరగాల్సి వస్తే రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడే సాహసం మొదట్లో వద్దు. నేరుగా కూడలి దాటి, అవతలి పక్క ఆగి, అటు సిగ్నల్ పడ్డాక మళ్లీ దాటండి. ఒక నిమిషం పోతుంది, పోనీండి. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాచండి. మన రోడ్ల మీద చెయ్యి చూపిస్తే ఆగేవాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. సైకిల్ వాడికి చెవులే అద్దాలు. గంట, రెండు బ్రేకులు, వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు... ఇవి లేకుండా ఎక్కొద్దు. సైకిల్‌కి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా పెట్టుకోండి. చలాన్ కోసం పెట్టుకునేది కాదుగా.

చెమట సంగతి

రెండో భయానికి మందు చాలా చిన్నది: నెమ్మదిగా తొక్కడం. చెమట దూరం వల్ల కంటే తొందర వల్ల ఎక్కువ పడుతుంది. పావుగంట ముందు బయల్దేరండి. బ్యాగు వీపున వేసుకోకుండా వెనక క్యారియర్‌కి కట్టేయండి. వీపు తడవడానికి సగం కారణం ఆ బ్యాగే. పాత టీషర్టులో వెళ్లి, ఆఫీసులో చొక్కా మార్చుకోండి. ఒక చిన్న తువ్వాలు, దువ్వెన డెస్కులో పెట్టుకుంటే సరి. చేరగానే మీటింగ్‌లోకి పరిగెత్తకుండా పది నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి. ప్యాంటు కుడికాలు చైన్‌లో పడకుండా ఒక రబ్బరు బ్యాండు చాలు.

ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదికల్లా చేరిపోగలిగితేనే తొక్కండి, లేకపోతే ఆ రెండు నెలలూ మానేయండి. మధ్యాహ్నం ఎండలో మొండితనం చూపించొద్దు. వానాకాలంలో నీళ్లు నిలిచిన చోట కింద ఏముందో తెలియదు, తడిస్తే బ్రేకులు పట్టవు. అలాంటి రోజున బస్సెక్కండి.

సైకిల్ కూడా పెద్ద ఖరీదైనది అక్కర్లేదు. మన రోడ్లు చాలామటుకు చదునే. పదివేల లోపు దొరికే మామూలు సైకిల్, లేదంటే బాగున్న సెకండ్ హ్యాండ్ చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచేయించుకోండి. పెడల్ కిందకి ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు దాదాపు నిటారుగా ఉండాలి. చాలామంది సీటు బాగా కిందకి పెట్టుకుని, మోకాళ్లు నొప్పులని మానేస్తారు. మీ దారిలో గట్టి ఎత్తులుంటే ఎలక్ట్రిక్ సైకిల్ ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

అమ్మాయిల మాట

ఇక్కడ నేను కొంచెం తగ్గి మాట్లాడాలి. మగవాడిగా నాకు ఎదురుకాని చిక్కులు అమ్మాయిలకు ఉంటాయి. చూపులు, వెనక నుంచి కావాలని హారన్లు, పక్కకు వచ్చి కామెంట్లు. 'ధైర్యం చేయండి' అని నేను సులువుగా అనేయలేను. కానీ సైకిల్, అమ్మాయిలు కలిసినప్పుడు ఏం జరుగుతుందో మన దేశంలోనే ఉదాహరణలున్నాయి. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ మహిళలు సైకిల్ నేర్చుకున్నారు. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి చేరిన ఆడపిల్లలకు సైకిళ్ల పథకం మొదలుపెడితే, వాళ్ల చేరికలు 32 శాతం పెరిగాయని, అబ్బాయిలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చారు.

మరి ఆ సైకిళ్లు ఏమయ్యాయి? అలా బడికి వెళ్లిన అమ్మాయిల్లో చాలామంది ఇప్పుడు ఉద్యోగాల్లో ఉండి ఉంటారు. పదో తరగతి దాకా సైకిల్ ఇచ్చిన మన సమాజం, ఇంటర్‌కి రాగానే 'ఇక చాల్లే' అని దాన్ని మూలన పెట్టించింది. తొక్కడం వచ్చినవాళ్లతోనే మాన్పించాం. మా ఆఫీసులో ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య కలిసి మొదలుపెట్టారు. ఒక్కదాన్నే అయితే మొదటివారమే మానేసేదాన్నని ఇద్దరూ విడివిడిగా నాతో చెప్పారు. కాబట్టి జతగా మొదలుపెట్టండి. చున్నీ ముడేసుకోండి, చీకటి పడక ముందే బయల్దేరండి, వెంటపడుతున్నారనిపిస్తే ఊరుకోకుండా 100కో 112కో ఫోన్ చేయండి.

గేటు దగ్గర జరిగింది

మళ్లీ నా మూడో భయం దగ్గరికి వస్తాను. మొదటి శుక్రవారం ఆఫీసు గేటు దగ్గరికి చేరాను. ఒక్క గీత కూడా పడలేదు, చెమట కూడా పెద్దగా లేదు. చాలా గర్వంగా ఉంది. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి, "డెలివరీ అయితే వెనక గేటు" అన్నాడు.

నేను గబగబా ఐడీ కార్డు తీసి చూపించి, "నేను డెలివరీ బాయ్‌ని కాదు" అన్నాను. కొంచెం గట్టిగానే. అతను సారీ చెప్పి దారి వదిలాడు. నా వెనకే నిజంగా డెలివరీకి వచ్చిన కుర్రాడు సైకిల్ మీద ఉన్నాడు. నా వయసే ఉంటుంది. వెనక గేటు వైపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. ఎందుకు అంత గట్టిగా అన్నాను? నామోషీ వదిలించుకున్నాననుకున్నాను. వదలలేదు, ఐడీ కార్డు వెనక దాక్కుంది. నేను సైకిల్ తొక్కితే 'ఫిట్‌నెస్', అతను తొక్కితే 'పాపం'. ఒకే రోడ్డు, ఒకే ఎండ, ఒకే రకం టైరు. మా నాన్న తొక్కినప్పుడు కూడా ఏదో ఒక గేటు దగ్గర ఎవరో ఒకరు ఇలాగే చెయ్యి అడ్డం పెట్టి ఉంటారు. చూపించడానికి ఆయన దగ్గర కార్డు ఉండేది కాదు.

అందుకే ఈ మాట అంటున్నా. సైకిల్ ఎక్కడానికి మీరు కూడగట్టుకోవాల్సిన ధైర్యం లారీల ముందు కాదు, ఆ గేటు ముందు. 'నన్ను వాళ్లలో ఒకడు అనుకుంటారేమో' అనే భయాన్ని దాటితే సగం పని అయిపోయినట్టే. అనుకోనీండి. అనుకుంటే తప్పేముంది?

జీతం లెక్క కూడా చూడండి

ఇది ఉద్యోగాల పేజీ కాబట్టి డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. మొదటి ఉద్యోగం, చేతికి ఇరవై రెండు వేలు వస్తున్నాయనుకుందాం. లక్ష రూపాయలు అప్పు చేసి బండి తీసుకుని మూడేళ్లలో కట్టాలంటే నెలకు మూడు వేల పైచిలుకు వాయిదా. రోజుకు 14 కిలోమీటర్ల చొప్పున నెలకు 350 కిలోమీటర్లు, లీటరుకు 45 వచ్చినా ఎనిమిది లీటర్ల పెట్రోలు. లీటరు వంద దాటి చాలా కాలమైంది. సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కలిపితే జీతంలో దాదాపు అయిదో వంతు ఆఫీసుకు వెళ్లి రావడానికే పోతుంది. బండి ఎప్పటికీ కొనొద్దని నేను చెప్పడం లేదు. ఊరి అవతల ఉద్యోగం ఉన్నవాళ్లకు, ఇంట్లో పెద్దవాళ్లను తిప్పాల్సినవాళ్లకు అది అవసరమే. కానీ మొదటి జీతం రాగానే మొదటి అప్పు చేయాలనే రూలేం లేదు. ఒక్క ఏడాది వాయిదా వేయండి. ఆ డబ్బు ఒక కోర్సుకో, ఇంటికో, నచ్చని ఉద్యోగం మానేసి రెండు నెలలు ఆగగలిగే ధైర్యానికో పనికొస్తుంది.

ఆరోగ్యం సంగతి మీకు తెలిసిందే. బ్రిటన్‌లో రెండున్నర లక్షలమందికి పైగా పరిశీలించి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన అధ్యయనంలో, సైకిల్ మీద పనికి వెళ్లేవాళ్లలో మరణ ముప్పు కార్లు, బస్సుల్లో వెళ్లేవాళ్ల కంటే 41 శాతం తక్కువగా కనిపించింది. అక్కడి గాలి, రోడ్లు వేరు, ఆ లెక్క యథాతథంగా మనకు వర్తించదు. అయినా రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగానికి రోజుకో గంట కాళ్లు కదపడం ఏ వైద్యుడూ కాదనడు.

కంపెనీలు, ప్రభుత్వాలు ఏం చేయాలి?

ధైర్యం అంతా కుర్రాళ్ల మీదే వదిలేయడం కూడా న్యాయం కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో ప్రారంభమైంది. బాగుంది, ఆదివారం వెళ్లి రావడానికి చాలా బాగుంది. కానీ సోమవారం ఉదయం గదుల నుంచి ఆఫీసులకు, బస్తీల నుంచి పనులకు వెళ్లేవాళ్లకు కావాల్సింది ఊరి మధ్యలో. రంగు పూసిన గీత చాలదు, దాని మీద కార్లు ఆపేస్తారు. మధ్యలో చిన్న అడ్డుగోడ ఉండాలి. అలాంటి దారి వేస్తే మొదట బాగుపడేది మనలాంటివాళ్లం కాదు. వేరే దారి లేక రోజూ తొక్కుతున్న వాచ్‌మన్లు, కూలీలు.

కంపెనీలు చేయాల్సింది ఇంకా చిన్నది. నీడలో, కెమెరా కింద సైకిల్ స్టాండ్. ఒక స్నానాల గది. ఆ స్టాండు ఉద్యోగులకీ, శుభ్రం చేసేవాళ్లకీ, డెలివరీకి వచ్చేవాళ్లకీ ఒక్కటే ఉండాలి. మీ హెచ్‌ఆర్‌కి ఈమెయిల్ పెట్టండి. ఒక్కరు అడిగితే పట్టించుకోరు, నలుగురు పేర్లు రాసి అడిగితే కదులుతారు. మేం ఏడుగురం అడిగాం. స్టాండ్ వచ్చింది. స్నానాల గది 'పరిశీలనలో ఉంది'.

ఈ ఆదివారమే

సంక్రాంతికి నాన్న హైదరాబాద్ వచ్చాడు. సైకిల్ గురించి అమ్మలా ఏమీ అనలేదు. బాల్కనీలోకి వెళ్లి, చక్రం పైకెత్తి తిప్పి చూసి, వెనక బ్రేకు రబ్బరు వేలితో తడిమాడు. "ఇది అరిగిపోయింది. రేపు మార్పించు" అన్నాడు. మర్నాడు ఇద్దరం కలిసి షాపుకి నడిపించుకుంటూ వెళ్లాం. మార్చాక, "ఒక్క రౌండ్ వేసొస్తా" అని తీసుకుని వీధి చివరి దాకా వెళ్లి వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి.

మీకు నేను చెప్పేది పెద్దదేం కాదు. ఇవాళ సాయంత్రం సైకిల్‌కి గాలి కొట్టించండి. రెండు బ్రేకులూ చూపించుకోండి. ఆదివారం ఆరింటికి ఆఫీసు గేటు దాకా వెళ్లి, టీ తాగి రండి. ఆ తర్వాత వద్దనిపిస్తే మానేయండి, ఎవరూ ఏమీ అనరు.

ఆ ఉదయం దారిలో సంచి నిండా పేపర్లతో సైకిల్ మీద వెళ్లే కుర్రాడు ఎదురైతే కాస్త పక్కకు జరిగి దారివ్వండి. ఈ పేజీ మీ గుమ్మం దాకా వచ్చింది అలాంటి వాళ్ల వల్లే.